వరదలు, కరువుల మీద ప్రాంతీయ రీసెర్చ్ సెంటర్ పెట్టాలంటే ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

వానలెక్క (టాపిక్ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. మా యూనివర్సిటీ, చుట్టుపక్కల ఇంకో మూడు కలిసి వరదలు, కరువుల మీద ఒక ప్రాంతీయ సెంటర్ పెడదామని ప్రపోజల్ రాస్తున్నాం, ఐదేళ్ల ప్రాజెక్టు. డ్రాఫ్ట్ బడ్జెట్ మొన్న నా చేతికొచ్చింది. సగానికి పైగా వాతావరణ లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్ క్లస్టర్‌కే, తర్వాత వర్క్‌షాపులు, ఆ తర్వాత బయటి నిపుణుల రాకపోకలు. వాన, నది కొలిచే స్టేషన్లు, డేటా అన్నీ కలిపి ఒకే ఒక్క లైను, అది కూడా "ఇతరములు" కింద. నాకెందుకో ఇదంతా తలకిందులుగా ఉందనిపిస్తోంది కానీ మీటింగులో గట్టిగా మాట్లాడ్డానికి నా దగ్గర సరుకు లేదు. ఇలాంటివి చేసినవాళ్లు, చేసి చేతులు కాల్చుకున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

మోడల్‌మామ
క్లస్టర్ దండగ అన్నంతవరకు నీతో ఉంటా. కానీ స్టేషన్లు పెట్టాలి అంటావు చూడు, అక్కడ ఆగిపోతా. ఈఆర్ఏ5 అని ప్రపంచం మొత్తానికి పాత వాతావరణం లెక్కగట్టిన డేటా ఉంది, 1940 నుంచి గంటగంటకీ, 31 కిలోమీటర్ల గళ్ల (గ్రిడ్) మీద, ఊరికే ఇస్తున్నారు. వానకి చిర్ప్స్ అనే ఉపగ్రహ డేటా ఉంది, 1981 నుంచి, గ్రిడ్ సుమారు 5 కిలోమీటర్లు. భూగర్భజలానికి 2002 నుంచి గ్రేస్ ఉపగ్రహాలు. వరదకైతే గూగుల్ వాళ్ల న్యూరల్ నెట్‌వర్క్ పేపర్ 2024లో నేచర్‌లో వచ్చింది, గేజ్ (నీటిమట్టం కొలిచే ఏర్పాటు) లేని నదుల్లో కూడా అది ఐదు రోజుల ముందు చెప్పేది, పాత గ్లోబల్ సిస్టమ్ అదే రోజుకి చెప్పేదానితో సమానంగా ఉందన్నారు. ఇంకా డబ్బాలో వాన నీళ్లు పట్టి స్కేలు పెట్టి కొలుస్తూ కూర్చుంటామా? నలుగురు కుర్రాళ్లకి మంచి లాప్‌టాప్‌లు, మంచి ఇంటర్నెట్ ఇవ్వు, పనైపోద్ది.

గేజ్_రీడర్
మామా, ఆ పేపర్ ఇంకోసారి చదువు. ఆ మోడల్‌కి పాఠం నేర్పింది 5,680 గేజ్‌ల రికార్డు. ఆ రికార్డు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవడో ఒకడు పొద్దున్నే నది దాకా నడిచి వెళ్లి రాసిందే. చిర్ప్స్‌లో కూడా ఉపగ్రహం లెక్కని సరిదిద్దడానికి నేల మీది స్టేషన్లే కలుపుతారు, స్టేషన్లు లేనిచోట ఆ సరిదిద్దడం ఉండదంతే. గ్రేస్‌కి కనపడేది సుమారు 300 కిలోమీటర్ల మేర ముద్ద. మన బేసిన్, అంటే మన నదికి నీళ్లొచ్చే ప్రాంతం, అందులో ఒక మూల కూడా కాదు.

నది కొలిచే ఆఫీసులో ఇరవై రెండేళ్లు చేశా కాబట్టి ఒకటి చెప్తా. బయటివాళ్లకి తెలియని సంగతేంటంటే నదిలో ఎంత నీళ్లు పోతున్నాయో రోజూ ఎవరూ కొలవరు. ఎత్తు మాత్రమే కొలుస్తారు. ఏడాదికి కొన్ని సార్లు బ్రిడ్జి మీంచి కరెంట్ మీటర్ అనే, నీటి వేగం చూపే పరికరం దింపి వేగం, లోతు కొలిచి, ఇంత ఎత్తుకి ఇంత ప్రవాహం అని ఒక గీత గీసుకుంటాం, దాన్నే రేటింగ్ కర్వ్ అంటాం. మా స్టేషన్లో ఆ మీటర్‌తో కొలిచిన అన్నిటికంటే పెద్ద ప్రవాహం నాలుగు మీటర్ల ఎత్తు దగ్గర. ఒక ఏడాది తొమ్మిది మీటర్లు వచ్చింది. నీటి ఎత్తు చూపే స్కేలు, స్టాఫ్ గేజ్, కొట్టుకుపోయింది, రాత్రిపూట, కరెంటు లేదు, ఎవరూ బ్రిడ్జి మీదకి పోలేదు, పోవాల్సిన పని కూడా కాదు. నీళ్లు తీసాక పంప్‌హౌస్ గోడ మీద బురద మరక చూసి ఎత్తు రాసుకున్నాం. మరి ప్రవాహం ఎంత? గ్రాఫ్ పేపర్ మీద నాలుగు మీటర్ల దగ్గర ఆగిన గీతని మా సార్ పెన్సిల్‌తో తొమ్మిది దాకా పొడిగించారు. చెయ్యి కాస్త అటు పోతే ఒక నంబరు, ఇటు పోతే ఇంకో నంబరు.

ఆ పెన్సిల్ గీతే ఇప్పుడు డేటాబేస్‌లో "అత్యధిక వరద". ఆ స్టేషన్ మీద వచ్చిన ప్రతి పేపర్లో, ప్రతి డిజైన్లో ఉన్నది అదే.

పీహెచ్‌డీ_కష్టాలు
అన్నా మీరు ఏ స్టేషన్ గురించి చెప్తున్నారో అడగను, అడిగితే నా థీసిస్ మూడో చాప్టర్ ఉంటుందో పోతుందో అని భయం.

ఇసుకతిన్నె
మూడో చాప్టర్ సంగతి తర్వాత, ముందు రికార్డు పొడవు సంగతి చూడండి. ముప్పై ఏళ్ల డేటాతో వందేళ్ల వరద అంచనా కడతాం, కింద రెండు దశాంశాలు కూడా వేస్తాం. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది అని ఇంజినీర్లలో కూడా సగం మంది అనుకుంటారు, కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక్క వంతు అవకాశం, ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. అది కూడా వాతావరణం మారకుండా నిలకడగా ఉంటే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, ఇక నిలకడ ఎక్కడిది.

పొట్టి రికార్డు ఎంత ముంచుతుందో అమెరికాలో కొలరాడో నదిని చూస్తే తెలుస్తుంది. 1922లో ఏడు రాష్ట్రాలు నీళ్లు పంచుకున్నాయి, అప్పటికి చేతిలో ఉన్న కొద్ది ఏళ్ల లెక్క చూసి. తీరా 1976లో చెట్ల వలయాలు చూసి వెనక్కి లెక్కేస్తే ఆ పంచుకున్న కాలం కొన్ని శతాబ్దాల్లోనే బాగా నీళ్లున్న కాలమని తేలింది. నదిలో లేని నీళ్లు కాగితం మీద పంచేశారు. వందేళ్లయినా ఆ తగువు తెగలేదు.

ఇంకోటి, హర్స్ట్ అని ఒకాయన 1906లో ఈజిప్టు వెళ్లి జీవితమంతా నైలు నది లెక్కల మీదే పనిచేశాడు. కైరో దగ్గర రోడా దీవిలో నీటిమట్టం కొలిచే స్తంభం ఉంది, అక్కడి లెక్కలు క్రీ.శ. 622 నుంచి దొరుకుతాయి. అంత పొడుగు రికార్డు చేతిలో ఉంది కాబట్టే మంచి ఏళ్లు మంచి ఏళ్లతో, చెడ్డ ఏళ్లు చెడ్డ ఏళ్లతో గుంపులుగా వస్తాయని 1951లో చూపించగలిగాడు. ముప్పై ఏళ్ల రికార్డులో అది అసలు కనపడదు. ఐదేళ్ల ప్రాజెక్టులో ఇంక చెప్పక్కర్లేదు.

నత్తనడక
వానలెక్క గారూ, మీటింగుకి సరుకు అన్నారుగా, ఇది పట్టుకెళ్లండి. 2023 మే నెల మొదట్లో కివు సరస్సు చుట్టూ, రువాండాలోనూ కాంగోలోనూ, భయంకరమైన వరదలు, కొండచరియలు. వందల మంది పోయారు. ఏదైనా విపత్తు వస్తే అందులో వాతావరణ మార్పు వాటా ఎంత అని లెక్కగట్టే వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ టీమ్ దీన్ని కూడా చేద్దామని కూర్చుంది. ప్రపంచంలో ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు, మోడళ్లకి, కంప్యూటర్లకి కరువు లేదు. చివరికి ఏం రాశారంటే, డేటా సరిపోలేదు, వాతావరణ మార్పు పాత్ర ఉందో లేదో చెప్పలేం అని. క్లస్టర్ ఉంది, నిపుణులున్నారు, వానలెక్క లేదు. మీ బడ్జెట్ ఫలితం ఎలా ఉంటుందో ఆల్రెడీ ఎవరో చేసి చూపించారన్నమాట.

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక 2021 సారాంశంలో షడ్భుజాల మ్యాప్ ఒకటుంది, ఒక్కో షడ్భుజం ఒక్కో ప్రాంతం. వడగాలుల మ్యాప్ దాదాపు అంతా ఎర్రగా, అంటే పెరిగాయని, నిండిపోయి ఉంటుంది. పక్కనే భారీ వానల మ్యాప్ చూడండి, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో చాలా చోట్ల డేటా గానీ స్టడీలు గానీ చాలవని ఖాళీగా వదిలేశారు. అది చూసి అక్కడ ఏం మారలేదు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, నిజంగానే. ఒక మంత్రిగారి సలహాదారు నాతో అన్నాడు ఆ మాట.

మోడల్‌మామ
సరే సరే, 5,680 సంగతి నేను మర్చిపోయి రాశా, ఒప్పుకుంటున్నా. కానీ నా అనుభవం కూడా వినండి. నేను చూసిన ఒక ప్రాజెక్టులో ఆటోమేటిక్ స్టేషన్లు పెట్టారు, రిబ్బన్ కట్ చేశారు, ఫోటోలు దిగారు. రెండేళ్లకి ప్రాజెక్టు అయిపోయింది, సిమ్ కార్డు రీచార్జ్ చేసేవాడు లేడు, బ్యాటరీలు పోయాయి, సోలార్ ప్యానెల్ ఎవరో ఇంటికి పట్టుకుపోయారు. ఇలా చచ్చిపోయే స్టేషన్ల కంటే ఎప్పటికీ ఆగని ఉపగ్రహం నయం కాదా అన్నదే నా పాయింటు. స్టేషన్ మీద కోపం లేదు, స్టేషన్ల పేరుతో జరిగే తంతు మీద కోపం.

గేజ్_రీడర్
ఇప్పుడు దారికొచ్చావ్. చచ్చిన స్టేషన్ కూడా నయమే, అది చచ్చిందని తెలుస్తుంది. బతికున్నట్టు నటించే స్టేషనే ప్రమాదం. టిప్పింగ్ బకెట్ గేజ్ అంటే బుల్లి బకెట్ నిండి ఒరిగిన ప్రతిసారీ లెక్కపెట్టే వాన గేజ్, దాని లోపల చిన్న తూము జల్లెడ ఉంటుంది, పక్షి రెట్ట గానీ, కందిరీగ గూడు గానీ, రెండు ఎండుటాకులు గానీ పడితే మూసుకుపోతుంది. బయట కుంభవృష్టి, గేజ్ మాత్రం సున్నా సున్నా సున్నా అని పంపిస్తా ఉంటుంది, ఆఫీసులో స్క్రీన్ మీద పచ్చ లైటు. వాన వెలిశాక మూడు రోజులపాటు నింపాదిగా బొట్టుబొట్టుగా కారుతుంది, అప్పుడు సన్న జల్లు పడినట్టు రికార్డవుతుంది! జల్లెడ శుభ్రంగా ఉన్నా కూడా, వాన మరీ దంచి కొడితే బకెట్ అటునుంచి ఇటు తిరిగే ఆ లిప్తలో పడే నీళ్లు లెక్కలోకి రావు, అంటే సరిగ్గా మనకి కావాల్సిన పెద్ద వానే తక్కువగా నమోదవుతుంది. పక్కనే మామూలు డబ్బా గేజ్ ఒకటి, నెలకోసారి వచ్చి జల్లెడ ఊది, పోల్చి చూసే మనిషి ఒకడు. అంతే కావాల్సింది. ఆ మనిషి జీతం ఏ ప్రపోజల్లోనూ నేను చూడలేదు. పరికరం కొంటే ఆస్తి అంటారు, మనిషిని పెడితే ఖర్చు అంటారు.

నత్తనడక
ఈ మధ్య కొంత మార్పు ఉందండి. డబ్ల్యూఎంవో (ప్రపంచ వాతావరణ సంస్థ), ఐక్యరాజ్యసమితి అభివృద్ధి, పర్యావరణ విభాగాలు కలిసి పెట్టిన సోఫ్ అనే నిధి 2022 నుంచి నడుస్తోంది. పేద దేశాల్లో స్టేషన్లు పెట్టడానికే కాకుండా, డేటా వస్తూ, అందరికీ అందుతూ ఉన్నంతకాలం నడిపే ఖర్చుకి కూడా ఇస్తారు. రిబ్బన్ కటింగ్‌తో డబ్బు ఆగిపోదు.

పీహెచ్‌డీ_కష్టాలు
నా కథ కూడా చెప్తా, కాస్త పెద్దది, ఓపిక ఉంటే చదవండి. నేను బయట రెండేళ్లు ట్రైనింగ్ అయి వచ్చా, మోడలింగ్ బాగానే నేర్చుకున్నా, వచ్చాక చూస్తే అక్కడ వాడిన సాఫ్ట్‌వేర్‌కి ఇక్కడ లైసెన్స్ లేదు, సరే ఫ్రీ మోడల్ పట్టుకుందాం అంటే దానికి వేయాల్సిన డేటా లేదు, డేటా కోసం ఒక ఆఫీసుకి లెటర్ పెడితే ఎనిమిది నెలలకి రిప్లై వచ్చింది, మీరు అడిగిన ఫార్మాట్ సరైనది కాదు అని, ఈలోపు నాకు పదకొండు వర్క్‌షాపుల సర్టిఫికెట్లు వచ్చాయి, అన్నిట్లోనూ మొదటి రోజు అదే ఇంట్రడక్షన్. ఆఖరికి ఒక పాత ఆఫీసు స్టోర్‌రూమ్‌లో చేత్తో రాసిన వాన రిజిస్టర్లు దొరికాయి, నలభై ఏళ్లవి, చెదలు అంచులు తినేశాయి కానీ అంకెలు బాగానే ఉన్నాయి. ఫోన్‌తో ఫోటోలు తీసి నేనూ నా ఫ్రెండూ కూర్చుని ఎక్కించాం.

అప్పుడు మొదలైంది అసలు చదువు. ఒక రిజిస్టర్లో చాలా ఆదివారాలు ఖాళీ, సోమవారాల్లో మాత్రం వాన దంచి కొట్టింది! ఒక వారమంతా బుర్ర గోక్కున్నాక వెలిగింది, ఆదివారం కొలిచేవాడికి సెలవు, రెండు రోజుల నీళ్లు సోమవారం కలిపి రాశాడు. ఆ లెక్క అలాగే వాడి ఉంటే "ఒక్క రోజు అత్యధిక వాన" అన్నీ సోమవారాలే అయ్యేవి. ఇంకోచోట ఖాళీ గడి అంటే వాన లేదనా, కొలవలేదనా తెలీదు, ఒకాయన గీత పెట్టాడు, ఒకాయన సున్నా పెట్టాడు, ఒకాయన "చినుకులు" అని రాశాడు. పైగా పొద్దున కొలిచిన వాన చాలావరకు నిన్నటిది, కానీ ఇవాళ్టి తేదీ కింద రాస్తారు, ఉపగ్రహం రోజు మాత్రం గ్రీన్విచ్ అర్ధరాత్రికి మొదలవుతుంది. ఒక్క రోజు జరిపి చూసేసరికి అప్పటిదాకా అస్సలు కలవని రెండు లెక్కలు బాగా కలిశాయి. ఇవేవీ ఆ పదకొండు సర్టిఫికెట్లలో ఎవరూ చెప్పలేదు, ఆ ఆఫీసులో రిటైర్ అవ్వబోతున్న ఒక పెద్దాయన టీ తాగుతూ చెప్పాడు.

గేజ్_రీడర్
తమ్ముడూ, ఆ పెద్దాయన రిటైర్ అయ్యేలోపు ఆయన చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టు. నేను నవ్వులాటకి చెప్పట్లేదు.

వానలెక్క
చాలా థాంక్స్ అందరికీ, ఇంత వస్తుందనుకోలేదు. రెండు ప్రశ్నలు. మనుషుల్ని తయారుచేయడం, వాళ్లు నిలబడ్డం, ఇది నిజంగా వర్కవుట్ అయిన చోట్లు ఉన్నాయా? రెండోది, మా నాలుగు యూనివర్సిటీల మధ్య నది ఒకటే కానీ డేటా ఇచ్చే ఆఫీసులు వేరు, ఎగువవాళ్లు ఇవ్వరు. దీనికేం చేయాలి?

నత్తనడక
మొదటిదానికి నేను. ఆగ్రిమెట్ అనే ట్రైనింగ్ సెంటర్ చూడండి, నైజర్‌లోని నియామేలో, సాహెల్ కరువు తర్వాత 1974లో పెట్టారు, ఆ చుట్టుపక్కల దేశాలకి హైడ్రాలజీ, వ్యవసాయ వాతావరణం టెక్నీషియన్లని, ఇంజినీర్లని దశాబ్దాలుగా అక్కడే తయారుచేస్తున్నారు. గమనించండి, శాస్త్రవేత్తలతో పాటు టెక్నీషియన్లని కూడా. నైరోబీలో ఇక్పాక్ ఉంది, 1989లో కరువుని కనిపెట్టే సెంటర్‌గా మొదలై ఇప్పుడు తూర్పు ఆఫ్రికా దేశాలన్నిటికీ సీజన్ ముందు కూర్చుని ఉమ్మడి అంచనా ఇస్తుంది. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకరి లెక్క ఒకరు ప్రశ్నించుకుంటారు, ట్రైనింగ్ అంటే నా దృష్టిలో అదీ.

కార్డెక్స్ అనే ప్రాంతీయ వాతావరణ మోడళ్ల కార్యక్రమం 2009లో మొదలైంది, మొదట ఆఫ్రికా మీదే దృష్టి పెట్టారు. 50 కిలోమీటర్ల గ్రిడ్ మోడళ్లు చాలావరకు బయట సెంటర్లలో నడిపారు, కానీ విశ్లేషణకి ఆఫ్రికా శాస్త్రవేత్తల టీమ్‌లే, కేప్‌టౌన్ యూనివర్సిటీ వాళ్లు వెనకుండి నడిపించారు. మోడల్ నడపడం కంటే దాన్ని అనుమానించడం నేర్పించారు. అందుకే మీకు పెద్ద క్లస్టర్ అక్కర్లేదంటున్నా, ఆ ఫైళ్లన్నీ బయట ఉన్నాయి, దించుకుని మీ ఊళ్ల రిజిస్టర్‌తో పోల్చి ఇక్కడ తప్పు అని చెప్పగలిగేవాళ్లు కావాలి.

ఇంకొకటి మర్చిపోయా, ఎనాక్ట్స్ అనే కార్యక్రమం. 1994 మారణహోమం తర్వాత రువాండాలో స్టేషన్ల లెక్క ఏళ్ల తరబడి తెగిపోయింది. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాతావరణ పరిశోధన సంస్థ ఐఆర్ఐ వాళ్లు అక్కడి వాతావరణ శాఖతో కూర్చుని ఉపగ్రహం లెక్కనీ ఉన్న స్టేషన్లనీ కలిపి ఆ గ్యాప్ పూడ్చారు. కలిపే పని అక్కడి ఉద్యోగులకే నేర్పారు, డేటా అక్కడి ఆఫీసు చేతుల్లోనే ఉండిపోయింది. డేటా ఇమ్మని లాక్కుంటే ఇవ్వరు, మీ డేటా మీ దగ్గరే బాగుచేద్దాం అంటే తలుపు తెరుచుకుంటుంది.

ఇసుకతిన్నె
రెండోదానికి నేను, కానీ తీపి కబురేం కాదు. వాతావరణ డేటా ఇచ్చిపుచ్చుకోవాలని డబ్ల్యూఎంవో 1995లోనే తీర్మానం చేసింది, నదుల డేటాకి 1999లో ఇంకోటి, మళ్లీ 2021లో అన్నిటినీ కలిపి కొత్త విధానం. తీర్మానం ఉన్నా బీరువా తాళం ఎవరి జేబులో ఉందన్నదే అసలు సంగతి. మెకాంగ్ నది మీద కమిషన్ 1995 నుంచి ఉంది, ఎగువనున్న చైనా 2002 నుంచి వరద కాలం డేటా మాత్రమే ఇచ్చేది. ఏడాది పొడుగునా ఇవ్వడం 2020 చివర్లో మొదలైంది, అది కూడా రెండు స్టేషన్లవి. కరువు స్టడీకి కావాల్సిందే ఎండాకాలం లెక్క, అది రావడానికి పద్దెనిమిదేళ్లు. కాబట్టి ఐదేళ్లలో ఎగువవాళ్ల డేటా వస్తుందని ప్రపోజల్లో రాయకండి. ఎగువ యూనివర్సిటీ నుంచి ఇద్దరు స్టూడెంట్లని మీ సెంటర్లో చేర్చుకోండి. ఇప్పుడు డేటా రాకపోయినా పర్లేదు, ఇరవై ఏళ్లకి వాళ్లే ఆ ఆఫీసుల్లో కుర్చీల్లో ఉంటారు.

మోడల్‌మామ
ఎగువవాళ్ల గురించి నేనొకటి చెప్పనా...

మోడరేటర్
వద్దు మామా. నదీ జలాల తగువులకి వేరే టాపిక్ ఉంది, అక్కడ ఇప్పటికే నలభై పేజీలు.

బడిగంట
నేను సైంటిస్టుని కాను, స్కూల్లో సైన్స్ చెప్తా. మమ్మల్ని కూడా లెక్కలోకి తీసుకోండి సార్. 1997 జూలైలో అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్లో రాత్రికి రాత్రి వరదొచ్చి ఐదుగురు చనిపోయారు, ఊరికి ఒక పక్క కుమ్మేసింది, కొన్ని మైళ్ల అవతల అంతంతమాత్రమే, మామూలు స్టేషన్లకి ఆ తేడా చిక్కలేదు. మరుసటి ఏడాది మామూలు జనం పెరట్లో గేజ్ పెట్టుకుని రోజూ రాసే నెట్‌వర్క్ మొదలైంది, కోకోరాస్ అంటారు. ఆఫ్రికాలో టామో అనే వాతావరణ స్టేషన్ల నెట్‌వర్క్ వాళ్లు స్కూళ్లలోనే స్టేషన్లు పెడుతున్నారు, కాపలాకి కాపలా, పాఠానికి పాఠం. ఇందాక రిజిస్టర్లన్నారు కదా, 2020లో లాక్‌డౌన్ అప్పుడు బ్రిటన్లో 65,000 పాత వాన కాగితాల్ని 16,000 మంది వాలంటీర్లు ఇంట్లో కూర్చుని 16 రోజుల్లో ఎక్కించేశారు, 50 లక్షలకి పైగా అంకెలు. మా తొమ్మిదో క్లాసు పిల్లలకి ఒక్క గేజ్ ఇచ్చి చూడండి, ఆదివారం కూడా వస్తారు.

పీహెచ్‌డీ_కష్టాలు
టీచర్‌గారూ, వేసవి సెలవుల్లో ఎవరొస్తారండీ? కరెక్టుగా తొలకరికి ముందు పెద్ద గాలివానలొచ్చేది అప్పుడే.

బడిగంట
స్కూల్ పక్కింటి అవ్వకి అప్పగిస్తాం. మాకంటే ఆవిడే శ్రద్ధగా రాస్తుంది.

వానలెక్క
అప్‌డేట్. మీటింగ్ అయింది. కివు సరస్సు సంగతి, సోమవారం వానల సంగతి చెప్పా. సోమవారాల కథకి నవ్వారు, తర్వాత ఒక ప్రొఫెసర్‌గారు నెమ్మదిగా తన పాత పేపర్ తీసి టేబుల్ చూసుకోవడం మొదలుపెట్టారు. క్లస్టర్ మూడో వంతుకి తగ్గింది. పాత రిజిస్టర్లు ఎక్కించడానికి వేరే లైను పడింది. వర్క్‌షాపులు సగం తీసేసి నాలుగు చోట్ల స్టూడెంట్లు ఆర్నెల్లు ఒకరి దగ్గర ఒకరు ఉండేలా మార్చారు, ఎగువ యూనివర్సిటీ వాళ్లు దీనికి వెంటనే ఒప్పుకున్నారు, డేటా మాట ఎత్తనందుకేమో. టెక్నీషియన్ పోస్టులు రెండు అడిగితే ఒకటి ఇచ్చారు.

గేజ్_రీడర్
శభాష్. ఆ ఒక్క పోస్టు ఎన్నాళ్లకి?

వానలెక్క
ఐదేళ్లకేనండీ. ఆరో ఏడు జీతం ఎవరిస్తారని అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. మంగళవారం మళ్లీ కూర్చుంటున్నాం, యూనివర్సిటీ సొంత పద్దులోకి తీసుకోమని అడుగుతా.

గేజ్_రీడర్
ఆ రేటింగ్ కర్వ్ జిరాక్స్ నా దగ్గరుంది. నాలుగు మీటర్ల దాకా ఇంకు, అక్కణ్ణుంచి పెన్సిల్. ఫోటో తీసి పంపుతా, మంగళవారం టేబుల్ మీద పెట్టు.